ఆకాశానికి ఫోటో

పుల్లలచెరువులో కార్తీక మాసంలో, వెన్నెల లేని రాత్రి, వీధి లైట్లకు దూరంగా చేల వైపు వెళ్లి చూడండి. ఆకాశం నిండా చుక్కలే. తొమ్మిది గంటలప్పుడు ఉత్తరం వైపు బాగా పైన ఒక మసక మరక కనపడుతుంది. అది మబ్బు కాదు. కోట్లాది చుక్కల గుంపు. ఇలాంటి గుంపును గెలాక్సీ అంటారు. దీని పేరు ఆండ్రోమెడా.

మన సూర్యుడూ ఒక చుక్కే. సూర్యుడున్న గుంపు పేరు పాలపుంత. ఆండ్రోమెడా మనకు పక్క ఊరి లాంటిది. ఆ పక్క ఊరు ఎంత దూరం? వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి వెలుగు మనకు 8 నిమిషాల్లో చేరుతుంది. ఆండ్రోమెడా వెలుగు చేరడానికి 25 లక్షల ఏళ్లు పడుతుంది!

ఫోటో ఎలా తీస్తారు?

పెళ్లి ఫోటో రెప్పపాటులో అయిపోతుంది. గెలాక్సీ ఫోటోకు గంటలు కూడా పడుతుంది. చెలమలో నీరు ఊరేదాకా ఆగి బిందె నింపుకుంటాం కదా. కెమెరా కూడా అలాగే వెలుగును కొంచెం కొంచెంగా పట్టుకుంటుంది. భూమి తిరుగుతుంటే చుక్కలు జరిగినట్టు కనపడతాయి. అందుకని టెలిస్కోపును యంత్రంతో మెల్లగా తిప్పుతారు. లేకుంటే చుక్కలు గీతలుగా పడతాయి. పూర్వం ఈ ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. హైదరాబాదులో 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీలోనూ అలాగే తీశారు.

ఫోటోలో ఏమేం ఉంటాయి?

నడుమ ఆండ్రోమెడా, సుడి తిరిగే నీళ్లలా ఉంటుంది. విడివిడిగా మెరిసే చుక్కలు మన పాలపుంతవే. అవి ముందున్నాయి. అంచుల్లో చిన్న చిన్న మరకలు ఉంటాయి. అవి వెనకున్న గెలాక్సీలు! ముందు నిలబడ్డ పిల్ల పెద్దగా, వెనకున్న నల్లమల కొండ చిన్నగా ఫోటోలో పడవా? ఇదీ అంతే. ఆ మరకల వెలుగు కోట్ల ఏళ్ల కిందట బయలుదేరింది.

దూరం ఎలా తెలిసింది?

అమెరికాలో హెన్రియెట్టా లెవిట్ అనే ఆమె ఉండేది. ఆ రోజుల్లో అక్కడ టెలిస్కోపు పని మగవాళ్లది. ఆడవాళ్లకు ఫోటోలు చూసి లెక్కలు రాసే పని ఇచ్చేవారు. కొన్ని చుక్కల వెలుగు పెరిగి తగ్గుతుంటుంది. అందుకు ఎక్కువ రోజులు పట్టే చుక్కకు అసలు వెలుగు ఎక్కువ. ఈ సంగతిని ఆమె 1912లో లెక్కతో చూపించింది. అసలు వెలుగు తెలిస్తే దూరం తెలుస్తుంది. ఒకే రకం లాంతర్లు రెండుంటే, మసగ్గా కనపడేదే దూరంగా ఉన్నట్టు.

1923లో హబుల్ అనే ఆయన ఆండ్రోమెడా ఫోటోలో అలాంటి చుక్కను పట్టాడు. లెవిట్ లెక్క వేసి చూశాడు. ఆండ్రోమెడా మన గుంపులోది కాదని, వేరే గెలాక్సీ అని తేలింది. లెవిట్ 1921లోనే చనిపోయింది. ఆమె చూపిన లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు.