జాషువ, యెహోషువ, యేసు: ఒకే పేరుకు మూడు రూపాలు

పల్నాటి సీమలోని వినుకొండలో 1895 సెప్టెంబరు 28న వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించిన మహాకవి గుర్రం జాషువ పేరులో ఇంటిపేరు అచ్చ తెలుగుది కాగా, కన్నవారు పెట్టిన పేరు బైబిలు పాత నిబంధన నుంచి వచ్చిన హీబ్రూ పేరు. తెలుగు బైబిలులో ఇదే పేరు యెహోషువ అని కనిపిస్తుంది.

హీబ్రూలో ఈ పేరు రెండు భాగాలుగా ఏర్పడింది. మొదటిది యెహోవా అనే దైవనామానికి సంక్షిప్త రూపం. రెండవది రక్షించడం, విడిపించడం అనే అర్థాలనిచ్చే ధాతువుకు సంబంధించినది. రెండూ కలిస్తే 'యెహోవాయే రక్షణ' అని భావం. సంఖ్యాకాండము 13వ అధ్యాయం ప్రకారం మోషే వారసుడైన నూను కుమారుడి తొలి పేరు హోషేయ, అంటే రక్షణ. కనాను దేశాన్ని వేగు చూడడానికి పంపే సందర్భంలో మోషే ఆ పేరుకు దైవనామాన్ని చేర్చి యెహోషువ అని పిలిచాడు.

బబులోను చెర తరువాతి కాలంలో ఈ పేరు యేషువ అని కుదించుకుపోయింది. గ్రీకులో 'ష' ధ్వని లేనందున అది 'స'గా మారి, పురుషనామాలకు చేరే 'స్' చివర కలిసి, యేసూస్ అయింది. అందువల్లనే పాత నిబంధన గ్రీకు అనువాదంలో మోషే వారసుడి పేరు, కొత్త నిబంధనలో క్రీస్తు పేరు ఒక్కటే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో యెహోషువ ప్రస్తావన వచ్చినచోట జీసస్ అని అచ్చయింది. లాటిన్‌లో 'య' ధ్వనికి వాడిన అక్షరం నుంచి పుట్టిన జె అక్షరాన్ని ఇంగ్లీషువారు 'జ'గా పలకడంతో హీబ్రూ యకారం జకారమైంది. గ్రీకు పలుకుబడికి దగ్గరగా ఉన్న యేసు, హీబ్రూకు దగ్గరగా ఉన్న యెహోషువ, ఇంగ్లీషు పలుకుబడిని అనుసరించిన జాషువ మూడూ తెలుగులో నిలిచాయి.

1842లో గుంటూరు చేరిన అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాడులో సువార్త ప్రచారం సాగించాడు. ఆ తరువాతి తరాలలో దావీదు, యాకోబు, దానియేలు, రూతు వంటి పేర్లు ఇక్కడి ఇంటిపేర్లతో జతకట్టి, గుర్రం జాషువ అన్నంత సహజంగా వాడుకలో కుదురుకున్నాయి. జాషువకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన కావ్యం 'క్రీస్తు చరిత్ర'. మూలాన్ని బట్టి చూస్తే ఆ కావ్య నాయకుడిదీ, కవిదీ ఒకే పేరు.