పారాచూట్‌తో జాకెట్: పాత గుడ్డకి అంత రేటెందుకు?

ఈరోజు జాకెట్ల గురించి మాట్లాడుకుందాం. వాడేసిన బట్టతో, మిగిలిపోయిన బట్టతో కుట్టినవి. ఆన్‌లైన్‌లో వీటి రేటు చూసి "పాత గుడ్డకి ఇంత డబ్బా?" అని మీకూ అనిపించే ఉంటుంది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. వాడేసిన బట్ట అంటే పాత జీన్స్, దుప్పట్లు, టెంట్లు లాంటివి. మిగులు బట్ట అంటే అసలు ఎవరూ తొడగనిది. ఆర్డర్ క్యాన్సిల్ అయ్యుండొచ్చు, మిల్లు కాస్త ఎక్కువ నేసుండొచ్చు, రంగు ఒక్క షేడ్ తేడా వచ్చుండొచ్చు. దీన్నే డెడ్‌స్టాక్ అంటారు. మన కట్ పీసుల షాపుల్లో తాను చివరి ముక్కలు అమ్ముతారు చూడండి, అవీ దీనికి చుట్టాలే.

ఈ పనికి బాగా పేరు తెచ్చినవాళ్లలో లండన్ డిజైనర్ క్రిస్టఫర్ రేబర్న్ ఒకరు. సైన్యం పక్కన పెట్టేసిన పారాచూట్లు తీసుకుని తేలికపాటి జాకెట్లు కుట్టాడు. 1950ల నాటి పట్టు మ్యాపులతో కూడా కుట్టాడు. పట్టు మీద మ్యాప్ ఏంటి అంటారా? విమానం కూలి శత్రువుల ప్రాంతంలో పడితే తప్పించుకోవడానికి పైలట్లకి ఇచ్చేవాళ్లు. కాగితమైతే గరగరమని చప్పుడు చేస్తుంది, తడిస్తే చిరిగిపోతుంది. పట్టు మడిచి జేబులో పెట్టుకుంటే సరి.

మరి సైన్యం బట్టే ఎందుకు? ఒకే రకం బట్ట ఎక్కువ మొత్తంలో దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది. పారాచూట్‌కి వాడే నైలాన్‌ని రిప్‌స్టాప్ అంటారు. నేతలో కొంచెం కొంచెం దూరానికి ఒక బలమైన దారం అడ్డంగా, నిలువుగా వస్తుంది. చిన్న గళ్లలా కనిపిస్తుంది. చిరుగు ఒక గడి దాటి పాకడం కష్టం. ప్రాణాలు మోసే వస్తువు కదా, గడువు దాటితే బట్ట బాగున్నా దూకడానికి వాడరు. జాకెట్‌కి మాత్రం బంగారంలా పనికొస్తుంది.

ఇప్పుడు రేటు సంగతి. కొత్త బట్టైతే టేబుల్ మీద పొరలు పొరలుగా పరిచి, మెషీన్‌తో ఒకేసారి బోలెడు ముక్కలు కోసేస్తారు. పారాచూట్‌కి అలా కుదరదు. ముందు కుట్లు విప్పాలి. వచ్చేవి పొడవాటి, కోసుగా ఉన్న ముక్కలు. ఉతకాలి, మరకలు, చిల్లులు వెతకాలి, వాటిని తప్పించి ప్యాటర్న్ సర్దాలి. అన్నీ మనిషి చేతులే చేయాలి. బట్ట చవకే, కూలీయే ఖరీదు.

అయితే డెడ్‌స్టాక్ అని రాసిన ప్రతిదాన్నీ నమ్మేయకండి. ఎలాగూ అమ్ముడుపోతుందని మిల్లు కావాలనే ఎక్కువ నేసిన బట్ట కూడా ఆ పేరుతోనే వస్తుంది. నా లెక్క సింపుల్: అదే రంగు, అన్ని సైజులు, ఏడాది పొడవునా స్టాక్‌లో ఉంటే నాకు డౌటే. నిజంగా మిగిలిన బట్టైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా! బట్ట ఎక్కడిది, ఎన్ని మీటర్లు దొరికింది అని అమ్మేవాళ్లని అడగండి.

సొంతంగా ట్రై చేస్తారా? పాత జీన్స్ పైకి, పల్చబడ్డ దుప్పటి లోపలికి. అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంత కూడా పొరల మీద పొరలే కదా, అదే లాజిక్. రెండు బట్టల్నీ కోయకముందే ఉతికి ఆరేయండి. లేకపోతే కుట్టాక ఒకటి కుంచించుకుపోయి, ఇంకోటి ఉబ్బుతుంది. ఏ బట్టో తెలియకపోతే ఒక్క దారం పీకి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. రెండూ కలిసిన బట్టలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

జిప్ కొత్తది కొనక్కర్లేదు, పాత బ్యాగుది జాగ్రత్తగా విప్పితే చాలు. మోకాళ్ల దగ్గర అరిగిన డెనిమ్‌ని మాత్రం మోచేతుల దగ్గర వేయకండి. అక్కడే మళ్లీ చిరుగుతుంది. తొడ వెనక భాగం వాడండి.