చాక్లెట్‌లో పామాయిల్: ఏ అడవిని నరికిన నేలలో పండిందో కంపెనీకైనా తెలుసా?

ఆఫీసులో పని చేసి చేసి విసుగొచ్చిన ఓ ఉద్యోగి కిట్‌క్యాట్ ప్యాకెట్ విప్పాడు. లోపల ఉన్నది చాక్లెట్ కాదు, ఒరాంగుటాన్ వేలు. అతను చూసుకోకుండానే కొరికేశాడు. రక్తం కీబోర్డు మీదకు కారింది!

2010 మార్చి 17న గ్రీన్‌పీస్ వదిలిన నిమిషం వీడియో ఇది. కాపీరైట్ పేరుతో నెస్లే దీన్ని యూట్యూబ్‌లోంచి తీయించింది. తీయించారని తెలిశాక చూసేవాళ్లు ఇంకా పెరిగిపోయారు.

ఇంతకీ చాక్లెట్‌కీ ఒరాంగుటాన్‌కీ లింకేంటి? పామాయిల్.

ప్రపంచంలో తయారయ్యే పామాయిల్‌లో దాదాపు 85 శాతం ఇండోనేసియా, మలేసియాలదే. ఒరాంగుటాన్‌లు బతికే బోర్నియో, సుమత్రా అడవులను నరికి ఈ తోటలు వేశారు. అక్కడ పీట్ నేలలు కూడా ఎక్కువ. అంటే వేల ఏళ్లుగా ఆకులు, కొమ్మలు నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నేలలు. తోట వేయాలంటే కాల్వలు తవ్వి ఆ నీళ్లు బయటకు తోడేస్తారు. ఎండిన పీట్‌కు నిప్పంటుకుంటే నేల లోపల వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. 2015లో ఇండోనేసియాలో దాదాపు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. అన్నీ పామాయిల్ కోసమే కాదు గానీ, దాని వాటా చిన్నదేం కాదు. ఆ పొగ సింగపూర్ దాకా వెళ్లింది.

నెస్లేపై ఆరోపణ ఏంటంటే, అడవులు నరుకుతోందని పేరుపడ్డ సినార్ మాస్ గ్రూపు నుంచి నూనె కొంటోందని. వీడియో వచ్చిన రోజే నెస్లే ఆ గ్రూపు నుంచి నేరుగా కొనడం ఆపేశామంది. కానీ వేరే ట్రేడర్ల ద్వారా అదే నూనె రావచ్చు కదా? అసలు చిక్కంతా ఇక్కడే.

మన పెదవేగి, అశ్వారావుపేట వైపు పామాయిల్ రైతులను అడగండి, చెబుతారు. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేదంటే నూనె నాణ్యత పడిపోతుంది. అక్కడా అంతే. చుట్టుపక్కల పెద్ద ఎస్టేట్ గెలలు, ఐదెకరాల చిన్న రైతు గెలలు, నిన్నమొన్న అడవి కొట్టినవాడి గెలలు అన్నీ ఒకే మిల్లుకు వస్తాయి. నూనె ఒకే ట్యాంకులో కలుస్తుంది. అక్కడి నుంచి రిఫైనరీ, ఓడ, ట్రేడర్, చివరికి చాక్లెట్ ఫ్యాక్టరీ. ఇది ఏ తోటదని అక్కడ అడిగితే ఎవరు చెప్తారు?

2010 మేలో నెస్లే దిగొచ్చింది. అడవుల నరికివేతతో సంబంధమున్న సరుకు 2020 నాటికి ఉండదని మాటిచ్చింది. మిల్లుల జాబితా 2018లో బయటపెట్టింది, శాటిలైట్‌తో తోటలపై నిఘా పెట్టింది. 2020 చివరికి పామాయిల్, సోయా, చక్కెర లాంటి సరుకుల్లో 90 శాతం క్లియర్ అని ప్రకటించింది. అంటే టార్గెట్ మిస్సయింది. అయినా పదేళ్ల ముందున్న పరిస్థితితో పోలిస్తే ఇది పెద్ద మార్పే.

మరి మనుషుల సంగతి? శాటిలైట్‌కు చెట్టు కనిపిస్తుంది, చెట్టు కింద ఉన్నవాళ్లు కనిపించరు. నెస్లేతో సహా చాలా కంపెనీలకు నూనె అమ్మే విల్మార్‌కు సంబంధించిన ఇండోనేసియా తోటలపై 2016లో ఆమ్నెస్టీ రిపోర్టు ఇచ్చింది. 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు కూడా అక్కడ పనిచేసేవారు. రోజువారీ టార్గెట్ పూర్తికాకపోతే కూలీ కోసేవారు. దాంతో తండ్రికి సాయంగా పిల్లలు, భార్యలు దిగేవారు. యూరోపియన్ యూనియన్ నిషేధించిన పారాక్వాట్ మందు వాడకం కూడా బయటపడింది. తోటల్లో పని పరిస్థితుల్లో సమస్యలున్నాయని విల్మార్ ఒప్పుకుంది.

అలాగని పామాయిల్ మానేస్తే సరిపోతుందా? అదీ తేలిక కాదు. హెక్టారుకు సోయా ఇచ్చే నూనెకు ఎన్నో రెట్లు పామాయిల్ ఇస్తుంది. దాని బదులు సోయా వేస్తే ఇంకా ఎక్కువ భూమి కావాలి.

ఇక మన సంగతి. ప్రపంచంలో పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునేది ఇండియానే. కాకినాడ, కృష్ణపట్నం పోర్టుల దగ్గర రిఫైనరీలు ఉన్నది అందుకే. నెస్లేకు కిట్‌క్యాట్ అనే పేరుంది, ఆ పేరు పోతుందన్న భయం ఉంది కాబట్టి దిగొచ్చింది. మన వీధి చివర మిర్చీ బజ్జీ బండి మీద మరిగే నూనెకు అలాంటి పేరేమీ లేదు. అది ఏ తోటదని ఇక్కడ ఇంతవరకు పెద్దగా అడిగినవాళ్లూ లేరు.