పసివాళ్ల బి.పి.కి పెద్దల పట్టా!

"పిల్లోడికి బి.పి. ఏంది నాయనా!" అని ఒక అవ్వ ఈ మధ్య ఆసుపత్రి అరుగు మీద ఈ విలేకరిని మందలించింది. ఆమె మనవడికి ఆరేళ్లు. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నురగ. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేల్చి ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇస్తున్నారు. ఉబ్బు దిగింది. మూత్రం పరీక్షలు జరిగాయి. బి.పి. మాత్రం ఎవరూ చూడలేదట.

అవ్వను తప్పు పట్టలేం. ఊళ్లో రక్తపోటంటే పెద్దవాళ్ల జబ్బనే లెక్క. కాని కిడ్నీ దెబ్బతింటే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి పిల్లలకూ పోటు పెరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు కూడా కొంత పెంచుతాయి. గొంతునొప్పి, గజ్జి పుండ్లు వచ్చిన కొద్ది వారాలకు టీ డికాషన్ రంగు మూత్రం పోసే పిల్లల్లో అది ఒక్కసారిగా పెరిగి ఫిట్స్ రావచ్చు. కొందరిలో పైకి ఏమీ తెలియదు. అందుకే కిడ్నీ జబ్బున్న పిల్లలకు, మూడేళ్లు నిండకపోయినా సరే, ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ చూడాలంటారు వైద్యులు.

చూడడంలోనూ కిటుకుంది. పెద్దల పట్టా చుడితే పోటు ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. మరీ ఇరుకైతే ఎక్కువ చూపుతుంది. పట్టాలోని రబ్బరు సంచి వెడల్పు మోచేతికి పైన చేతి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి. అంటే చెయ్యి 20 సెంటీమీటర్లుంటే సంచి 8. బిడ్డ ఏడుస్తుంటే లెక్క తప్పుతుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టాలి. 13 ఏళ్ల లోపు వారికి వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి చూసి పట్టికతో పోలుస్తారు. పెద్దలకు మంచిదే అనుకునే 118, ఆరేళ్ల వాడికి ఎక్కువ.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ఐరోపాలో కిడ్నీ జబ్బున్న 385 మంది పిల్లలపై జరిగిన పరిశీలన 2009లో వెలువడింది. అందరికీ రామిప్రిల్ మందే. ఐదేళ్లలో కిడ్నీ శక్తి సగానికి పడిపోవడమో, పూర్తిగా చెడడమో జరిగినవారు మామూలు అదుపులో 100కు 42 మంది. పోటును బాగా తగ్గించి ఉంచినవారిలో 30 మంది.

అంతా విని అవ్వ లేచి వెళ్లి నర్సమ్మను అడిగింది. చిన్న పట్టా ఉందట, బీరువాలో. తాళాలున్న ఆమె సెలవు. మంగళవారం రమ్మన్నారు.