కీబోర్డు మీద కార్డుల చక్రం: బయల్దేరిన చోటికే తిరిగి చేరే దారి

పిల్లల పట్టుదల చూసి కీబోర్డు కొనిస్తారు. కీసర నుంచి నాగారమో, ఈసీఐఎల్ వైపో క్లాసుకు పంపుతారు. నెల నెలా ఫీజు కడతారు. ఆరు నెలలు తిరిగేసరికి నాలుగైదు పాటలు బాగానే వాయిస్తారు. కొత్త పాట అడిగితే మాత్రం "సార్ ఇంకా చెప్పలేదు" అంటారు. తప్పు పిల్లలది కాదు. వాళ్లకు పాటలు నేర్పారు, పాట నడిచే దారి నేర్పలేదు.

షాదీ ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్లకూ ఇదే ఇబ్బంది. "ఈ రోజు గొంతు బాలేదు, ఒక శ్రుతి దించు" అని సింగర్ అంటే, కార్డులు బట్టీ పట్టినవాడు ట్రాన్స్‌పోజ్ బటన్ వెతుక్కుంటాడు. గిటార్ వాయించేవాడికి ఆ బటన్ కూడా ఉండదు. లెక్క తెలిసినవాడు అప్పటికప్పుడు మార్చుకుంటాడు. రెండోసారి కూడా అతన్నే పిలుస్తారు.

వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఏ ఇంటి నిర్ణయం ఆ ఇంటిదే. నేర్పించాలనుకున్నవాళ్లు మాత్రం ఈ చక్రం సంగతి తెలుసుకుంటే పెట్టిన ఫీజుకు ఫలితం దక్కుతుంది.

కార్డ్ అంటే ఏమిటి?

మూడు స్వరాలను ఒకేసారి మోగిస్తే అది కార్డ్. ఒక స్వరం పట్టుకుని, ఒకటి వదిలి ఒకటి చొప్పున ఇంకో రెండు కలపాలి. స, గ, ప కలిపితే 'స' కార్డ్. రి, మ, ధ కలిపితే 'రి' కార్డ్. కీబోర్డులో 'సి' మీటను స అనుకుని తెల్ల మీటల మీదే ఉంటే ఏడు కార్డులు వస్తాయి. వాటిలో స, మ, ప మేజర్ కార్డులు. రి, గ, ధ మైనర్ కార్డులు. ని ఒక్కటే డిమినిష్డ్. అది కాస్త నిలకడ లేనట్టు వినిపిస్తుంది.

చక్రం ఎలా తిరుగుతుంది?

బయల్దేరిన స్వరాన్ని కూడా లెక్కలో కలుపుకుని నాలుగో స్వరానికి వెళ్లాలి. స, రి, గ, మ. అంటే స తర్వాత మ. అక్కడి నుంచి మ, ప, ధ, ని. అంటే మ తర్వాత ని. ఇలాగే లెక్కపెడుతూ పోతే వరస ఇలా వస్తుంది: స, మ, ని, గ, ధ, రి, ప, మళ్లీ స. ఏడు స్వరాలూ ఒక్కొక్కసారే వచ్చి, ఏడో అడుగులో ఇంటికి చేరాం. కార్డుల చక్రం అంటే ఇదే.

ఈ వరస చెవికి ఎందుకు హాయిగా ఉంటుందో వేళ్లు చూస్తే తెలుస్తుంది. 'స' కార్డ్‌లో స, గ, ప ఉన్నాయి. 'మ' కార్డ్‌లో స, మ, ధ ఉన్నాయి. స కదల్లేదు. గ పక్కనున్న మ కి, ప పక్కనున్న ధ కి జరిగాయి. చక్రంలో ప్రతి అడుగులోనూ ఇంతే. ఒక వేలు అక్కడే ఉంటుంది, మిగతా రెండూ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. అందుకే కార్డ్ మారినా తెగినట్టు అనిపించదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడితే ప్రతి అడుగూ 5 మీటల దూరం. మ నుంచి ని కి మాత్రం 6. ఆ ఒక్క మీట తేడా వల్లే చక్రం ఏడు అడుగుల్లో మూసుకుంటుంది. అన్ని చోట్లా 5 చొప్పునే పోతే 12 అడుగులు పడుతుంది, 12 శ్రుతులూ తిరిగి రావాలి. ఆ పెద్ద చక్రం ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికి పనికొస్తుంది.

ఇంటి నుంచి వెనక్కి కట్టాలి

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొత్తం చక్రం వాయించాల్సిన పని లేదు. ముందు పాట ఎక్కడ ఆగుతుందో చూడాలి. అదే ఇల్లు, అంటే స. దానికి ముందు ప పెట్టాలి. ప కి ముందు రి, రి కి ముందు ధ. ఇప్పుడు స, ధ, రి, ప అని వాయించి మళ్లీ స కి వస్తే చిన్న చక్రం తయారైనట్టే. స నుంచి ధ కి ఒక్క దూకుడు, మిగతా మూడూ చక్రంలోని అడుగులే. ఎన్నో సినిమా పాటలు ఈ నాలుగు కార్డుల మీదే నడుస్తాయి.

విషాదం పలికే పాటకు ధ ని ఇల్లు చేసుకోవచ్చు. అప్పుడు వరస ధ, రి, ప, స, మ, ని, గ, తిరిగి ధ. ఇక్కడ చివరి గ కార్డ్‌ను మైనర్ కాకుండా మేజర్ చేస్తారు. అంటే అందులోని ప ని ఒక నల్ల మీట పైకి జరుపుతారు. ఆ స్వరం ధ ని ఆనుకుని ఉంటుంది కాబట్టి ఇంటికి లాగుతుంది. గ్లోరియా గేనర్ 1978లో పాడిన 'ఐ విల్ సర్వైవ్' మొత్తం ఈ చక్రం మీదే తిరుగుతుంది.

బాగ్దాద్ నుంచి యూరప్ దాకా

సంగీతాన్ని వలయాలుగా చూడటం పడమటి దేశాలవాళ్లే కనిపెట్టింది కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ ఊద్ వాద్యం తీగల గురించి రాశారు. ఆ తీగల శ్రుతి ఒకదానికొకటి నాలుగో స్వరం దూరంలో ఉంటుంది. మన కార్డుల అడుగు కూడా అదే దూరం. గిటార్ పై నాలుగు లావు తీగలు నేటికీ అదే లెక్కలో ఉన్నాయి. 13వ శతాబ్దంలో సఫీయుద్దీన్ అల్ ఉర్మవీ రాసిన గ్రంథం పేరే 'కితాబుల్ అద్వార్', అంటే వలయాల పుస్తకం. అందులో స్వరాలనూ తాళాలనూ వలయాలు గీసి చూపించారు. కార్డుల సంగతి అందులో లేదు. 12 శ్రుతుల చక్రం యూరప్‌లో 1670ల్లో డిలెట్‌స్కీ పుస్తకంలో, 1728లో హైనికెన్ పుస్తకంలో కనిపిస్తుంది.

అన్ని పాటలకూ కుదరదు

రాగం మీద కట్టిన గజల్‌కో ఖవ్వాలీకో ఈ చక్రాన్ని బలవంతంగా తగిలిస్తే రాగం చెడుతుంది. మాల్కౌంస్ రాగంలో, అంటే మన హిందోళంలో, రి, ప అసలు లేవు. అక్కడ రి, ప, స అని వాయిస్తే లేని స్వరాలు వచ్చి పడతాయి. అలాంటి చోట హార్మోనియం గొంతు వెంట నడిస్తే చాలు.

రియాజ్‌కు సులువైన పద్ధతి ఉంది. రోజూ పది నిమిషాలు స, ధ, రి, ప ని నెమ్మదిగా తిప్పాలి. వారం తర్వాత 'సి' బదులు 'జి' ని స అనుకుని అదే వరస వాయించాలి. అప్పుడు కార్డులు జి, ఇ మైనర్, ఎ మైనర్, డి అవుతాయి. మీటలు మారతాయి, సరిగమల లెక్క మారదు. ఇది చేతికి వచ్చిన రోజు ట్రాన్స్‌పోజ్ బటన్ అవసరం తగ్గుతుంది. పిల్లల క్లాసులో ఇది చెబుతున్నారో లేదో తల్లిదండ్రులు ఒకసారి అడిగి చూడటం మంచిది.