మూలనపడ్డ యెజ్డీ: నమ్మదగిన మేస్త్రీని గుర్తించడం ఎలా?

కోలారు, చింతామణి, పావగడ, హోసూరు ప్రాంతాల తెలుగు పల్లెలలో పాత పశువుల కొట్టాల్లోనో, గడ్డివాముల చాటునో గోనెపట్టాలు కప్పుకున్న యెజ్డీ మోటారు సైకిళ్ళు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఒకనాడు శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్ళ మూటలు మోసిన బండ్లవి. పాత ఇనుము కొనేవాడు తూకం లెక్కన ధర చెబుతాడు. ఇంట్లోని కుర్రవాడు మాత్రం తాతగారి బండిని తిరిగి నడిపించాలని పట్టుబడతాడు. అది అసాధ్యమైన కోరిక కాదు. అయితే కొట్టంలో పదిహేనేళ్ళు పదిలంగా ఉన్న బండి, బాగుచేయడానికని షెడ్డుకు చేరిన ఆరు నెలలకే విడిభాగాల కుప్పగా మారడం ఈ ప్రాంతాలలో కొత్త సంగతి కాదు.

యెజ్డీ ఒక విధంగా మన పొరుగూరి బండి. నాటి చెకోస్లొవేకియా దేశపు జావా కంపెనీ అనుమతితో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో 250 సి.సి. బండ్ల తయారీ మొదలుపెట్టింది. 1973 నుంచి వాటికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1978లో వెలువడిన రోడ్‌కింగ్ ఆ వరుసలో మిక్కిలి పేరు పొందింది. చెన్నై సమీపాన షోళవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగిన పందేలలోనూ ఈ బండ్లు పరుగులు తీశాయి. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డీ పేరుతోనూ కొత్త బండ్లు వచ్చిన మాట నిజమే గాని, అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు గలవి. పాతవన్నీ రెండు స్ట్రోకులవి. పేరొక్కటే ఉమ్మడి. కొత్త షోరూముకు పోయి పాత బండికి పిస్టను అడిగితే దొరకదు.

కనుక మిగిలిన సహాయమంతా వ్యక్తుల దగ్గరే ఉంది. మైసూరు, బెంగళూరు, చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో ఈ ఇంజన్ల మీదే జీవితం గడిపిన పెద్ద మేస్త్రీలు కొందరు ఉన్నారు. వారు గోడలపై ప్రకటనలు రాయించుకునేవారు కారు. వారిని కనుగొనడానికి మంచి అదను ఏటా జూలై రెండవ ఆదివారం. ఆనాడు జావా, యెజ్డీ యజమానులు నగరాలలో తమ బండ్లతో ఒకచోట చేరుతారు. అక్కడికి పోయి తళతళలాడే బండిని చూసి మురిసిపోవడం కంటె, రెండు మూడేళ్ళ క్రితం బాగుచేయించుకొని నేటికీ రోజూ నడుపుతున్నవారిని వెతికి పట్టుకొని మాట్లాడటం మేలు. నిన్న షెడ్డునుంచి వచ్చిన బండి ఎవరి పనితనానికీ సాక్ష్యం కాదు. రంగు కొత్తగా ఉన్నన్నాళ్ళు ప్రతి బండీ బాగానే ఉంటుంది.

మేస్త్రీకి ఈ బండి తెలుసో లేదో గ్రహించడానికి పెద్ద పరీక్ష అక్కరలేదు. యెజ్డీలో గేరు మార్చే లీవరునే లోపలికి నొక్కి వెనుకకు తిప్పితే కిక్కరు అవుతుంది. ఆ లీవరు కదిలినప్పుడు క్లచ్ తనంతట తానే విడివడే ఏర్పాటు కూడా ఉంది. దాని సర్దుబాటు గురించి అడిగినప్పుడు తడబడేవాడు ఎంత మంచివాడైనా ఈ పనికి తగడు. నిజంగా తెలిసినవాడు ముందు తానే ప్రశ్నలు వేస్తాడు. బండి నడుస్తూ నడుస్తూ ఆగిందా, ఆపి పెట్టినదా? ఆగేముందు ఇంజనులో గలగల శబ్దం వచ్చిందా? పొగ ఏ రంగులో వచ్చేది? ఇవేవీ అడగకుండా మొత్తం పనికి ఒకే ధర చెప్పేవాడు ఇంజను విప్పకముందే రోగం తేల్చినవాడు. అతని దగ్గరనుంచి బండి వెనక్కి తెచ్చుకోవడమే క్షేమం.

బండిని చూడగానే కిక్కు కొట్టబోయే మేస్త్రీ విషయంలోనూ జాగ్రత్త వహించాలి. ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో రింగులు బోరుకు అతుక్కొని ఉండవచ్చు, బేరింగులు తుప్పు పట్టి ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే బాగుపడగల సిలిండరు కూడా గీతలు పడుతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొంచెం నూనె పోసి, కొన్నాళ్ళు నాననిచ్చి, తరువాత మెల్లగా తిప్పి చూడటం పద్ధతి. ఈ ఓపిక లేనివాడికి మిగిలిన పనిలో ఓపిక ఉంటుందని ఆశించలేము.

ఇక అసలు ఖర్చంతా ఇంజను లోపలే. రెండు స్ట్రోకుల ఇంజను కొంత పొగ వదలడం సహజం. కాని దట్టమైన తెల్లని పొగ విడవకుండా వస్తూ, గేరుబాక్సు నూనె తరిగిపోతూ ఉంటే, క్లచ్ వైపున ఉన్న క్రాంకు ఆయిల్ సీలు పోయిందని అర్థం. ఆ సీలు గట్టితనం కోల్పోతే గేరుబాక్సులోని నూనె క్రాంకులోకి చేరి కాలిపోతుంది. దీనికి బోరింగు చేయించి ప్రయోజనం లేదు. అయినా అనేకచోట్ల మొదట చెప్పే మాట బోరింగే. అందులో కొత్త పిస్టను, లేత్ పని, కూలి అన్నీ కలుస్తాయి కదా!

బోరింగు నిజంగా అవసరమైనప్పుడు పిస్టను ముందు కొనాలి. దానిని మైక్రోమీటరుతో కొలిచి, ఆ కొలతను బట్టి సిలిండరును కోయాలి. పిస్టన్లు సాధారణంగా పావు మిల్లీమీటరు చొప్పున పెరిగే సైజులలో దొరుకుతాయి. ప్రతి బోరింగుతోనూ సిలిండరు ఆయుష్షు కొంత తరిగిపోతుంది కనుక అనవసరంగా చేయించే బోరింగు తిరిగి రాని నష్టం. కోసిన తరువాత సిలిండరులోని పోర్టుల అంచులను కొద్దిగా నున్నగా మలచాలి. లేకపోతే రింగు ఆ అంచుకు తగులుకొని విరుగుతుంది. నాలుగు స్ట్రోకుల బండ్లకే అలవాటుపడిన లేత్ షాపులు ఈ పని మరచిపోతాయి. ఆ అంచుల మాట మేస్త్రీని ముందే అడిగి చూడాలి.

క్రాంకు సంగతి ఇంకా సున్నితమైనది. సిలిండరు ఎత్తిన తరువాత కనెక్టింగ్ రాడ్డును చేతితో పట్టి చూస్తే పక్కలకు కొంచెం కదలడం సహజమే. పైకీ కిందికీ కొట్టుకుంటే మాత్రం దాని కింది బేరింగు అరిగిపోయిందన్నమాట. క్రాంకును ప్రెస్సులో విడదీసి, కొత్త పిన్ను, రాడ్డు వేసి, తిరిగి బిగించి, సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో వంకర చూడాలి. తేడా మిల్లీమీటరులో కొన్ని వందవ వంతులకు మించరాదు. సుత్తితో కొట్టి కంటితో చూసి సరిపోయిందనే షెడ్డులో ఈ పని జరగకూడదు. ఈ పరీక్షను యజమాని ఎదుట చేసి చూపడానికి అభ్యంతరం చెప్పని మేస్త్రీని వదులుకోరాదు.

ఒప్పుకోలు విషయంలో మొహమాటం పనికిరాదు. మన ప్రాంతంలో మేస్త్రీని అన్నా అనో, మామా అనో పిలుస్తాము; కాగితం రాసుకుందామంటే తప్పుగా అనుకుంటారేమోనన్న సంకోచం సహజం. అయినా బండి షెడ్డు చేరే రోజున నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, స్పీడోమీటరు, ట్యాంకు బిళ్ళలు, కార్బొరేటరు, సైలెన్సర్లు ఏ స్థితిలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. నాటి అసలు భాగాలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. అవి మాయమై వాటి స్థానంలో నకిలీవి రావడమే ఈ వ్యవహారంలో తరచుగా జరిగే మోసం. మార్చిన ప్రతి పాత భాగాన్నీ తిరిగి ఇవ్వాలన్న షరతు ముందే చెప్పాలి. డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వాలి. బెంగళూరు జె.సి. రోడ్డులోనో, చెన్నై పుదుపేటలోనో భాగాలు కొనేటప్పుడు వీలైతే మేస్త్రీ వెంట ఇంటివారొకరు వెళ్ళడం మంచిది. అసలు ఆర్‌సి పుస్తకాన్ని మాత్రం షెడ్డులో ఉంచరాదు.

ఇంజను కేసు పగిలిందని చెప్పి మరొక బండి కేసు బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇంజను నంబరు ఉండేది ఆ కేసు మీదే. అది మారితే ఆర్‌సిలోని నంబరుతో బండి సరిపోలదు. పాత నంబరును కొత్త కేసుపై చెక్కిస్తామనే మాట వినిపిస్తే అది నేరమని తెలుసుకోవాలి. పగిలిన కేసును వెల్డింగు చేయించి వాడుకోవడం చాలా సందర్భాలలో సాధ్యమే.

కాగితాల విషయం సరిహద్దు కుటుంబాలకు మరింత చిక్కు. ఇల్లు ఒక రాష్ట్రం, బండి నంబరు మరో రాష్ట్రం కావడం ఇక్కడ మామూలే. యజమాని మరణించి ఉంటే వారసుని పేరుకు మార్చడానికి ఫారం 31, రాష్ట్రం మారితే పాత కార్యాలయంనుంచి ఫారం 28 ద్వారా అభ్యంతరం లేదన్న పత్రం, గడువు తీరిన రిజిస్ట్రేషను పొడిగింపునకు ఫారం 25 కావాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. పాత బండ్ల వివరాలు చాలాసార్లు కంప్యూటరులో ఉండవు. పాత రిజిస్టరునుంచి ఎక్కించమని అర్జీ పెట్టుకోవాలి. పొడిగింపు రుసుములు 2022లోనూ, మళ్ళీ 2025లోనూ పెరిగాయి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్ళు నిండిన బండ్లకే వర్తిస్తాయి. తొలినాటి 1978 రోడ్‌కింగ్‌కైనా 2028 దాకా ఆగాలి. పైగా ఆ నంబరుతో బండిని నిత్యం తిప్పరాదు. సంతకు పోవడానికి బండి కావాలనుకునేవారికి మామూలు పొడిగింపే తగినది. ఈ కాగితాలు కుదురుతాయని తేలిన తరువాతే ఇంజను మీద డబ్బు పెట్టడం వివేకం. రంగు, క్రోమ్ పూత అన్నిటికంటె చివరి పనులు.

బండి ఇంటికి వచ్చాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా, ఒకే వేగంతో లాగకుండా నడపాలి. తరువాత హెడ్డు నట్లను ఒకసారి సరిచూడాలి. పెట్రోలులో రెండు స్ట్రోకుల నూనెను చెప్పిన పాళ్ళలో ప్రతిసారీ కలపాలి. నూనె లేకుండా ఒక్క ట్యాంకు నడిపితే కొత్త పిస్టను పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. గొట్టాలు, కార్బొరేటరు వాషర్లు కొత్తవి వేయించుకొని, బండిని నెలల తరబడి నిలపవలసి వస్తే ట్యాంకును, కార్బొరేటరును ఖాళీ చేసి ఉంచాలి.