చిన్నారుల మూర్ఛవ్యాధికి లేజర్ చికిత్స
పుర్రె తెరవకుండానే మెదడులోని దోషభాగ నిర్మూలన

పసిబిడ్డ కారణం లేకుండా నవ్వుతుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోవడం సహజం. అయితే ఆ నవ్వు హఠాత్తుగా వచ్చి, కొద్ది సెకన్లలో ఆగిపోతూ, తరచుగా పునరావృతమవుతున్నట్లయితే అది ఒక రకమైన మూర్ఛ కావచ్చును. మెదడు అడుగుభాగాన గల హైపోథాలమస్ వద్ద పుట్టుకతోనే ఏర్పడే హమార్టోమా అనే కణితి ఇందుకు ముఖ్య కారణం. ఇది క్యాన్సర్ కాదు. అయినప్పటికీ ఈ మూర్ఛ సాధారణంగా మందులకు లొంగదు. చికిత్స ఆలస్యమైన కొద్దీ బాలల చదువు, ప్రవర్తన దెబ్బతినే అవకాశమున్నది.

ఈ కణితి చుట్టూ చూపు, జ్ఞాపకశక్తి, హార్మోన్లకు సంబంధించిన కీలక భాగాలుంటాయి. అందువల్ల పుర్రె తెరచి దానిని తొలగించడం ప్రమాదంతో కూడుకున్న పని. ఈ ఇబ్బందిని తగ్గించేందుకు రూపొందినదే ఎం.ఆర్.ఐ. పర్యవేక్షణలో జరిపే లేజర్ చికిత్స. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి పరికరానికి 2007లో అనుమతినిచ్చింది. హ్యూస్టన్ నగరంలోని టెక్సాస్ బాలల ఆసుపత్రి వైద్యులు మూర్ఛతో బాధపడే ఐదుగురు పిల్లలకు ఈ విధానంలో జరిపిన చికిత్స వివరాలను 2012లో ప్రచురించారు.

చికిత్స విధానం

బిడ్డకు పూర్తి మత్తు ఇచ్చిన పిమ్మట పుర్రెకు కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సన్నని గొట్టం ద్వారా లేజర్ తీగను కణితి వరకు పంపుతారు. లేజర్ వేడికి ఆ భాగంలోని కణజాలం సుమారు 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద నశిస్తుంది. గొట్టంలో ప్రవహించే ద్రవం తీగ కొనను చల్లబరుస్తుంది. ఎం.ఆర్.ఐ. యంత్రం కొన్ని సెకన్లకొకసారి ఉష్ణోగ్రతను చూపుతుంది. కీలక భాగాల వద్ద వేడి నిర్ణీత హద్దు దాటితే లేజర్ దానంతటదే ఆగిపోతుంది. పెక్కుమంది పిల్లలు ఒకటి రెండు రోజులలో ఇంటికి చేరుకుంటారు.

ఫలితాలు, పరిమితులు

2018లో ప్రచురితమైన పరిశీలన ప్రకారం, హమార్టోమాకు ఈ చికిత్స పొందిన 71 మందిలో 93 శాతం మంది ఏడాది తరువాత నవ్వు మూర్ఛల నుండి విముక్తులయ్యారు. 23 శాతం మందికి ఒకటి కంటే ఎక్కువసార్లు చికిత్స అవసరమైంది. జ్ఞాపకశక్తి లోపం, హార్మోన్ల అసమతుల్యత వంటి దుష్ఫలితాలు అరుదుగానైనా సంభవించవచ్చును. యంత్రం చూపే ఉష్ణోగ్రతలో తేడా రావచ్చునని అమెరికా నియంత్రణ సంస్థ 2018లో వైద్యులను హెచ్చరించింది. పెద్ద కణితులన్నింటికీ ఈ విధానం అనువైనది కాదు.

తల్లిదండ్రులకు సూచనలు

సరైన రెండు మందులను తగిన మోతాదులో వాడినప్పటికీ మూర్ఛ అదుపు కానియెడల, బిడ్డను మూర్ఛవ్యాధి ప్రత్యేక కేంద్రంలో చూపించవలెను. శస్త్రచికిత్సను ఆఖరి దిక్కుగా భావించి ఏళ్ల తరబడి వేచియుండరాదు. అనుమానం కలిగించే నవ్వును సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి వైద్యునికి చూపినచో వ్యాధి నిర్ధారణ సులభమవుతుంది. వైద్యుని సలహా లేకుండా మందులు ఆపరాదు. మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోటిలో ఏ వస్తువునూ ఉంచరాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను జరిపే వైద్య పరీక్షలలో మూర్ఛ కూడా ఒక అంశం. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు బిడ్డల లక్షణాలను దాచక వైద్య బృందానికి తెలియజేసినచో సకాలంలో చికిత్సకు మార్గం ఏర్పడుతుంది.